లైబ్రరీ సెస్ లైబ్రరీకే చేరాలి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి నమస్కారం.

ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ వస్తుందని మా కాలనీలో చాలామందిమి ఇంటిపన్ను ముందుగా కట్టేస్తాం. అందులో లైబ్రరీ సెస్ కూడా ఉందని తెలిసినవాళ్లు తక్కువ. రూపాయి పన్నుకు 8 పైసల చొప్పున గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే డబ్బు అది. వసూలు చేసేది జీహెచ్ఎంసీ, ఖర్చు పెట్టాల్సింది నగర గ్రంథాలయ సంస్థ. చిక్కంతా ఆ చేతి నుంచి ఈ చేతికి మారే దగ్గరే. సెస్ బకాయిలు పేరుకుపోయాయన్న వార్తలు పేపర్లలో చదవడం మాకు అలవాటైపోయింది. రోడ్లకు, నాలాలకు నిధులు చాలక కార్పొరేషన్ ఇబ్బంది పడుతోందంటే కాదనను. కానీ ఇది కార్పొరేషన్ సొమ్ము కాదు కదా!

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుంటారు. చాలామంది పుస్తకాలు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది కుర్చీ, ఫ్యాను, లైటు, కాస్త నిశ్శబ్దం. అద్దె గదిలో నలుగురితో ఉండేవాడికి అదే పెద్ద సాయం, తక్కువ చేసి మాట్లాడను. అయినా లైబ్రరీకి పుస్తకాలు మోసుకెళ్లాల్సి రావడం ఏమిటి? సెస్ సక్రమంగా అందితేనే కదా కొత్త ఎడిషన్లు కొనేది!

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అంటే 1891లో మొదలైన అసఫియా, నేరుగా ప్రభుత్వం కింద ఉంది. దాని కష్టాలు దానికున్నాయి, వాటికి వేరే ఉత్తరం రాయాలి.

గ్రంథాలయాలను చూసే విద్యాశాఖ, కార్పొరేషన్‌ను చూసే పురపాలకశాఖ రెండూ మీ దగ్గరే ఉన్నాయి. ఫైలు ఇంకో మంత్రి దగ్గర ఆగిపోయే ప్రశ్నే లేదు. పన్ను ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు సెస్ భాగం అక్కడికక్కడే విడిపోయి సంస్థ ఖాతాలో పడేలా చేయించండి. ఎంత వసూలైంది, ఎంత జమైంది అన్నది ప్రతి నెలా వెబ్‌సైట్‌లో పెట్టించండి. సంస్థ ఛైర్మన్ పదవి ఎలాగూ పార్టీలో కష్టపడినవారికే వెళ్తుంది, ఏ ప్రభుత్వంలోనైనా అంతే. కనీసం పాలకవర్గంలో రోజూ లైబ్రరీకి వచ్చే ఇద్దరు పాఠకులకు, ఒక లైబ్రేరియన్‌కు చోటివ్వండి. ఏ పుస్తకాలు కొనాలో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

వచ్చే ఏప్రిల్ వసూళ్ల నుంచైనా ఇది మొదలుపెట్టండి. పాత బకాయిల లెక్క నిదానంగా తేల్చుకోవచ్చు, మాఫీ మాత్రం చేయకండి.

ఇట్లు,
ఇంటిపన్ను కట్టే ఒక పాఠకురాలు,
హైదరాబాద్