పక్షుల పుస్తకం కొనేముందు కొంగల పేజీ తెరిచి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో పిల్లలకు కొనిపెట్టదగిన పుస్తకాల గురించి రాస్తూ పక్షుల పుస్తకాలకు కూడా చోటు ఇచ్చినందుకు సంతోషం. అయితే ఆ పుస్తకాలను మెచ్చుకోవడానికి చూపిన కారణాలన్నీ కాగితం నాణ్యత, ఫొటోల అందం, పేజీల సంఖ్య చుట్టూనే తిరిగాయి. పక్షులను చూసి ముచ్చటపడటానికి కొనే పుస్తకం వేరు, చెరువు గట్టున కనిపించిన పక్షి ఫలానాదని తేల్చుకోవడానికి కొనే పుస్తకం వేరు. ఈ రెండో రకాన్నే ఫీల్డ్ గైడ్ అంటారు. ఈ తేడా తెలియక ఒకసారి పాఠశాల డబ్బు వృథా చేసినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

నేను గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ఏటా చలికాలంలో పిల్లలను ఉప్పలపాడు చెరువుల దగ్గరికి తీసుకువెళ్లడం మాకు అలవాటు. గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు, నీటికాకులు, తెల్లకొంగలు అక్కడ చెట్ల మీద కిటకిటలాడుతూ ఉంటాయి కాబట్టి దుర్భిణి లేకపోయినా పిల్లలకు చూపించడం తేలిక. కొన్నేళ్ల కిందట గ్రంథాలయానికి వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో ఒక పెద్ద పక్షుల పుస్తకం కొన్నాను. అట్ట మీద మకా చిలుక బొమ్మ, లోపల నున్నటి కాగితం, ఒక్కో పేజీకి ఒక్కో ఫొటో. ఇద్దరు పిల్లలు వంతులవారీగా మోస్తే గాని అది గట్టు దాకా రాలేదు.

అక్కడికి వెళ్లాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, “సార్, ఆ కొంగకు ముక్కు నల్లగా ఉంది, ఈ కొంగకేమో పసుప్పచ్చగా ఉంది, రెండూ ఒకటేనా?” అని అడిగింది. పుస్తకం తెరిచాం. తెల్లకొంగకు కేటాయించిన పేజీలో ఒకే ఒక ఫొటో ఉంది. సూర్యాస్తమయంలో రెక్కలు విప్పిన కొంగ, వెనక నారింజ రంగు ఆకాశం. వెలుగు వెనక నుంచి పడటం వల్ల ముక్కు, కాళ్లు, పాదాలు అన్నీ నల్లటి నీడే. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు కావలసిన మూడు గుర్తులనూ ఆ ఫొటో తీసినవారు అందం కోసం చీకట్లో కలిపేశారు. పుస్తకాన్ని సంచిలో పెట్టేసి, ఇంటికి వెళ్లాక చెబుతానన్నాను.

అప్పటినుంచి ఏ పక్షుల పుస్తకం చేతికి వచ్చినా ముందుగా కొంగల పేజీ తెరుస్తున్నాను. మన పొలాల్లో, చెరువుల్లో రోజూ కనిపించే తెల్లకొంగలు ఒకే జాతి కావు. వాటిలో చిన్నదైన లిటిల్ ఈగ్రెట్‌కు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. బురదలోంచి కాలు పైకి తీసినప్పుడు పసుపు మేజోళ్లు తొడుక్కున్నట్టు కనబడుతుంది. గేదెల వెంట తిరిగే కొంగకు ముక్కు పొట్టిగా పసుపు రంగులో ఉంటుంది, జతకట్టే కాలంలో దాని తల, మెడ, వీపు నారింజ ఛాయకు తిరుగుతాయి. పెద్ద తెల్లకొంగకు ముక్కు మామూలు రోజుల్లో పసుపు, గూడు కట్టే కాలంలో నలుపు. ఇక ఈ పెద్ద కొంగకూ మధ్యరకం కొంగకూ తేడా చెప్పాలంటే ముక్కు రంగు చాలదు. నోటి చీలిక గీత ఎక్కడ ఆగిందో చూడాలి. పెద్దదానిలో ఆ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్యరకంలో కంటి కిందే ఆగిపోతుంది. ఈ చిన్న గీతను బొమ్మలో గీసి చూపించిన పుస్తకం ఏదైనా సరే, దాని రచయిత పక్షిని పొలంలో చూసి రాశాడని నమ్మవచ్చు. నాలుగు కొంగలనూ ఒకే పేజీలో, ఒకే భంగిమలో, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టని పుస్తకానికి ఎంత ఖరీదైన అట్ట ఉన్నా పిల్లలకు కొనవలసిన పని లేదని నా అభిప్రాయం.

ఇందువల్లనే గుర్తింపు పుస్తకాల్లో ఫొటోల కంటే చేత్తో గీసిన బొమ్మలు మేలని అంటాను. ఫొటో ఒక్క పక్షిది, ఒక్క క్షణానిది, ఆ క్షణంలో పడిన వెలుగుది. చిత్రకారుడు మాత్రం వంద పక్షులను చూసి, అన్నింటిలో ఉన్నదాన్ని ఉంచి, ఒక్కదానిలోనే ఉన్నదాన్ని వదిలేస్తాడు. అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ 1934లో వెలువరించిన గైడ్ ఈ మార్గానికి పునాది వేసింది. ఒకదానినొకటి పోలిన పక్షులను పక్కపక్కనే బొమ్మకట్టి, తేడా ఉన్న చోటికి సన్నటి గీత లాగి చూపించడం ఆ పుస్తకం తెచ్చిన పద్ధతి. చూడటానికి చాలా చిన్న ఉపాయమే, కానీ తుపాకీతో కొట్టి చేతిలోకి తీసుకుంటే గాని పక్షి పేరు చెప్పలేమన్న పాత అలవాటును వదిలించడంలో దానికి పెద్ద పాత్ర ఉంది.

రెండో పరీక్షగా కోకిల పేజీ చూడండి. మగకోకిల నిగనిగలాడే నలుపు, ఆడది గోధుమరంగు మీద తెల్లటి చుక్కలు, చారలు. ఇద్దరికీ కళ్లు ఎరుపే. మా ఊళ్లో ఆడకోకిలను చూపిస్తే పెద్దవాళ్లు కూడా అది వేరే పిట్ట అని వాదించినవారున్నారు. గిజిగాడు సంగతీ అంతే. వానాకాలంలో గూడు అల్లేటప్పుడు మగదానికి తల పసుపు, ఆ కాలం దాటితే పిచ్చుకకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. గుడ్డికొంగ గట్టు మీద కూర్చున్నంతసేపూ మట్టిరంగులో కలిసిపోయి, లేచి ఎగిరిందంటే ఒక్కసారిగా తెల్లటి రెక్కలు కనిపిస్తాయి. కొల్లేరుకు వలస వచ్చే సూదితోక బాతుల్లో మగవి సీజను మొదట్లో దిగేటప్పటికి ఇంకా పెళ్లిబట్టలు వేసుకోవు, అచ్చం ఆడవాటిలాగే ఉంటాయి. కాబట్టి ఒక జాతికి ఒక బొమ్మ అన్న లెక్కతో చేసిన పుస్తకం మనల్ని సగం సార్లు తప్పుదారి పట్టిస్తుంది. ఆడ, మగ, పిల్ల, ఎగిరేది, జతకట్టే కాలంలోది ఇలా అవసరమైన చోట నాలుగైదు బొమ్మలు ఉండాలి.

శిక్రా డేగను, బ్రెయిన్ ఫీవర్ పక్షి అని పిలిచే హాక్ కుకూను పక్కపక్కన చూపించారో లేదో కూడా గమనించండి. రెండోది కోకిల కుటుంబానిదే అయినా బూడిదరంగు వీపు, చారల తోకతో అచ్చం డేగలా ఉంటుంది. అది చెట్టు మీద వాలితే చిన్న పిట్టలు కూడా భ్రమపడి గోల చేస్తాయి. పిట్టలే మోసపోయే చోట పిల్లలు మోసపోకుండా ఉండాలంటే ఈ రెండింటిలో వంకీ ముక్కు ఏ పక్షికి ఉందో పుస్తకమే చెప్పాలి.

ఇక పుస్తకం ఏ ప్రాంతానిది అన్నది. మా పెద్ద పుస్తకంలో రాబిన్ అంటే ఎర్రని రొమ్ము ఉన్న పక్షి, అది ఐరోపాది. అమెరికావారు రాబిన్ అనేది ఇంకొకటి. మన పొలం గట్ల మీద తోక నిలబెట్టి తిరిగే నల్లంచిని ఇంగ్లీషులో ఇండియన్ రాబిన్ అంటారు గాని అది ఈ రెండూ కాదు. మన దేశంలోనే 1300కు పైగా పక్షి జాతులు ఉన్నాయి కనుక ‘భారతదేశం’ అని అట్ట మీద ఉన్నంత మాత్రాన కూడా పని జరగదు. హిమాలయాల్లోనో అరుణాచల్‌లోనో తప్ప కనిపించని పిట్టను మా పిల్లలు బాపట్ల తీరంలో చూశామని రాసుకొచ్చిన సందర్భాలున్నాయి. ప్రతి పక్షికీ అది ఎక్కడ ఉంటుందో, ఏ నెలల్లో ఉంటుందో చూపే చిన్న పటం ఉంటే ఈ పొరపాటు సగం తగ్గుతుంది. ఆ పటం బొమ్మకు ఎదుటి పేజీలోనే ఉండాలి గాని పుస్తకం చివర ఎక్కడో కాదు. గాలికి పేజీలు రెపరెపలాడుతుంటే ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ కూర్చునే లోపల పక్షి ఉండదు.

పుస్తకాల పేర్లు చెప్పమంటే, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారి ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’తో ప్రారంభించడంలో తప్పు లేదు. 1941లో మొదట వచ్చి, 2002 నాటి పదమూడో కూర్పుకు 538 జాతులకు చేరిన ఆ పుస్తకంలో పక్షి పరిమాణాన్ని పిచ్చుక, గోరింక, గద్ద వంటి తెలిసిన పక్షులతో పోల్చి చెప్పే పద్ధతి పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. అంగుళాల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు, ‘గోరింక కంటే చిన్నది’ అంటే ఎవరూ మరిచిపోరు. ఆయన 1931–32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసినవారు కాబట్టి మన నేలకు పరాయివారు కూడా కారు. కొంత అలవాటు పడ్డాక గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్ దంపతులు చేసిన ఉపఖండ పక్షుల గైడ్‌కు వెళ్లవచ్చు. 2011లో వచ్చిన దాని రెండో కూర్పులో వివరం, పటం బొమ్మలకు ఎదురుగానే ఉంటాయి. 2005లో రాస్‌ముసెన్, ఆండర్టన్ వెలువరించిన రెండు సంపుటాలు గొప్పవే, కానీ అవి పొలానికి మోసుకుపోయేవి కావు, సాయంత్రం బల్ల దగ్గర సందేహం తీర్చుకునేవి. ఈ పుస్తకాలన్నీ ఇంగ్లీషువే కావడం, ధర కూడా పాఠశాలలకు కొంచెం బరువే కావడం వేరే బాధ.

పేర్ల దగ్గర ఇంకొక జాగ్రత్త చెప్పాలి. ఇంగ్లీషు పేర్లు కూర్పు కూర్పుకూ మారుతుంటాయి. ఒక పుస్తకంలో బ్లాక్ షోల్డర్డ్ కైట్ అని ఉన్నది మరొకదానిలో బ్లాక్ వింగ్డ్ కైట్. పక్షి ఒకటే, దాని శాస్త్రీయ నామం ఎలానస్ కేరూలియస్. పాత పుస్తకాల్లోని ప్యాడీ బర్డ్, ఇప్పటి పాండ్ హెరాన్, మన గుడ్డికొంగ మూడూ ఆర్డియోలా గ్రేయీ అన్న శాస్త్రీయ నామం దగ్గర కలుస్తాయి. శాస్త్రీయ నామాలూ అప్పుడప్పుడు మారకపోవు గాని, చివర ఆ నామాల సూచిక లేని పుస్తకాన్ని మరో పుస్తకంతో పోల్చి చూడటం సాధ్యం కాదు.

ఫోన్‌లో పక్షి పేరు చెప్పే, అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాలవారి మెర్లిన్ వంటి ఉచిత యాప్ ఉండగా పుస్తకం దేనికని పిల్లలే అడుగుతున్నారు. నేనూ వాడతాను, కూత వినిపించడానికి దానికి సాటి లేదు. కానీ అది పేరు ఇస్తుంది గాని ఎందుకు ఆ పేరో పిల్లల చేత చెప్పించదు. యాప్ చెప్పిన పేరును పుస్తకంలోని బొమ్మతో సరిచూసి, ఏ గుర్తును బట్టి ఒప్పుకున్నారో నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయాలని మా బడిలో నియమం పెట్టాం.

చివరగా తెలుగు పేర్ల విషయం, నిజానికి ఈ ఉత్తరం రాయడానికి అదే అసలు కారణం. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దొర 1862–64 మధ్య అచ్చువేసిన భారత పక్షుల గ్రంథంలో మన తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. పశువుల వీపుల మీద స్వారీ చేసే నల్లపిట్టను పసులపోలిగాడు అనడంలో ఎంత పరిశీలన ఉందో చూడండి. తీతువు పేరైతే దాని కూతే. అది అరిస్తే అశుభమని భయపడేవారికి కూడా పక్షి ఏదో పొరపాటు లేకుండా తెలుసు. అదే జెర్డన్ పేరు పెట్టుకున్న పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకుంటే, 1986 జనవరిలో కడప జిల్లా పొదల్లో, ఆ చుట్టుపక్కల మనుషుల సాయంతోనే మళ్లీ దొరికింది. లోకానికి అది జెర్డన్స్ కోర్సర్, అక్కడివారికి కలివికోడి. అటువంటి పేర్లు ఉన్న భాషలో పిల్లలకు గైడ్ అడిగితే నేను తిరిగిన దుకాణాల్లో ఇంగ్లీషు పేర్లను తెలుగు అక్షరాల్లో దించిన పుస్తకాలే చూపించారు. మరికొన్నింటిలో అనువాదం చేసి కొత్తగా కట్టిన పేర్లు, అవి ఏ ఊళ్లోనూ ఎవరూ పలికినవి కావు.

కనుక మీ పత్రికకు ఒక విన్నపం. పిల్లల పేజీలో వారానికి ఒకసారి, ఒకదానినొకటి పోలిన రెండు మూడు పక్షుల బొమ్మలు పక్కపక్కన వేసి, కింద శాస్త్రీయ నామం మాత్రం ఇచ్చి, మీ ఊళ్లో దీన్ని ఏమంటారని పాఠకులను అడగండి. ఫొటో కాకుండా గీసిన బొమ్మ అయితే మరీ మంచిది. జిల్లాల వారీగా వచ్చిన పేర్లను మరుసటి వారం అచ్చువేస్తే, నూటయాభై పక్షులు పూర్తయ్యేసరికి తెలుగులో ఒక గైడ్‌కు కావలసిన సరుకు చాలావరకు చేతిలో ఉంటుంది. మొదటి వారం తెల్లకొంగలతో మొదలుపెట్టేట్టయితే, మా పిల్లలు తమ తాతయ్యలను, నాయనమ్మలను అడిగి రాసుకున్న కొంగల పేర్ల పేజీల నకలు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా