లాంగ్ రేంజ్ రైఫిల్ పత్రిక ఆపేశాను, మీ డబ్బు తీసుకెళ్లండి

బెజవాడ ఏలూరు రోడ్డులోని మన షాపులో అడ్వాన్సు కట్టి లాంగ్ రేంజ్ రైఫిల్ షూటింగ్ పత్రిక కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు ఈ కబురు. ఆ పత్రిక ఇక రాదు. ఆపింది నేనే. మీరు కట్టిన డబ్బు దసరాలోపు మొత్తం వాపసు ఇస్తాను. వ్యవసాయం, చదరంగం, పోటీ పరీక్షల పత్రికలు ఎప్పటిలాగే వస్తాయి, వాటి గురించి టెన్షన్ వద్దు.

మన దగ్గర రైఫిల్ పట్టే వాళ్లలో చాలామంది కాల్చేది 10 మీటర్లు, మహా అయితే 50. గగన్ నారంగ్‌కు 2012 లండన్‌లో కాంస్యం వచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, స్వప్నిల్ కుసాలేకు 2024 పారిస్‌లో వచ్చింది 50 మీటర్లలో. లాంగ్ రేంజ్‌లో 1,000 గజాల ఆట సంగతే వేరు. మన ప్రకాశం బ్యారేజీ పొడవులో దాదాపు ముప్పావు వంతు దూరం అది. అక్కడ ఎఫ్-క్లాస్ (పడుకుని, రైఫిల్‌ను ఆనించి కాల్చే పోటీ) టార్గెట్‌లో 10 పాయింట్ల వలయం అడ్డంగా 10 అంగుళాలే. గంటకు 10 మైళ్ల అడ్డగాలి వీస్తే .308 సైజు రైఫిల్ బుల్లెట్ ఏడెనిమిది అడుగులు పక్కకు కొట్టుకుపోతుంది. మన ఊళ్లో విల్లు పట్టిన పిల్లలే 70 మీటర్లకు గాలి చూసుకుంటారు, ఇక దీనికి చెప్పాలా? అంటే ఈ పత్రిక కొనేవాడు తుపాకీ బొమ్మల కోసం కొనడు, గాలి లెక్క కోసం కొంటాడు. నేను జీవితంలో రైఫిల్ ముట్టుకోలేదు. ఇదంతా షాపులో నిలబడి వాదించుకునే మీ దగ్గరే నేర్చుకున్నాను.

మీరు పెట్టిన పరీక్షలు కూడా గట్టివే. మూడు గుండ్లు పక్కపక్కన పడితే రైఫిల్ బ్రహ్మాండమని రాసే పత్రిక వద్దన్నారు. స్కోప్ (రైఫిల్ మీది దుర్భిణి) క్లిక్కులు తిప్పితే గురి నిజంగా అంతే జరుగుతోందా అని కొలిచి చూపించాలన్నారు. సమీక్ష ఉన్న పేజీకి ఎదురుగా అదే కంపెనీ ప్రకటన ఉంటే ఆ సమీక్షను నమ్మక్కర్లేదన్నారు. సరేనని, ఇవన్నీ కాగితం మీద రాసి మరీ చెన్నైలోని సరఫరాదారుకు పంపాను. ఏడాది చందా ముందే కావాలన్నాడు, కట్టాను.

మొదట వచ్చినవి మెరిసే కాగితం మీద కత్తులు, జాకెట్లు, నల్లద్దాలు పెట్టుకున్న మనుషులు. గాలి గురించి ఒక్క పేజీ లేదు. ఫోన్ చేస్తే, "గన్ మ్యాగజైన్ అంటే గన్ మ్యాగజైనే కదా సార్, ఏదైతే ఏంటి?" అన్నాడు. పత్రికలు అమ్మే మనిషి ఆ మాట అనొచ్చా? నాకది ఇంకా మింగుడు పడలేదు.

గట్టిగా అడిగాక రెండో కట్ట వచ్చింది. ఈసారి లోపల సరుకు మీరడిగినదే. గాలి లెక్కలు, పోటీల ఫలితాలు, ఎండకు అలల్లా కదిలే వేడిగాలిని (మిరాజ్) చూసి గాలి వేగం పట్టే పద్ధతి, అన్నీ ఉన్నాయి. కానీ ఒక్కదానికీ అట్ట లేదు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు దాని అర్థం తెలుసు. అమెరికాలో అమ్ముడుపోని సంచికలకు అట్ట చింపి, ఆ అట్టనే వాపసు పంపి షాపులు డబ్బు జమ చేయించుకుంటాయి. మిగిలింది తుక్కుకు పోవాలి. అంటే ఒకసారి లెక్క తీరిపోయిన సరుకును మళ్లీ నాకు కొత్త ధరకు అంటగట్టారు.

ఇక్కడే నాకు నిద్ర పట్టలేదు. సగం ధరకు ఇచ్చేస్తే నా డబ్బు కొంత తిరిగొస్తుంది. మీలో పెద్దాయన ఒకరు, గుంటూరు నుంచి వచ్చే రిటైర్డ్ సుబేదార్ గారు, "ఏమయ్యా, నేను చదివేది అట్టనా? ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపారు కూడా. ఆయన చెప్పింది న్యాయమే. మా ఆవిడా అదే అంది. అయినా ఇవ్వలేదు. పైరసీ పుస్తకం అమ్మని షాపని మా నాన్నకు పేరు. బెజవాడలో ఆ పేరు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. చాదస్తం అనుకుంటే అనుకోండి. ఆ కట్టను అలాగే తిప్పి పంపేశాను. అటు నుంచి రూపాయి రాలేదు, వచ్చేలా కూడా లేదు. దానికీ మీ వాపసుకూ సంబంధం లేదు.

ఇక ఏం చదవాలంటారా? ఇంగ్లండ్‌లో 1859లో పుట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఉంది, 1890 నుంచి బిస్లీలో పోటీలు పెడుతోంది. అక్కడి రాజుగారి బహుమతి చివరి దశ 900, 1,000 గజాల్లోనే. వాళ్ల జర్నల్ సభ్యుల కోసం. కావాలంటే మీరే నేరుగా వాళ్లను అడగాలి, షాపు ద్వారా కుదరదు. రెండోది, 1956లో మొదలై 2012లో ఆగిపోయిన అమెరికా పత్రిక 'ప్రెసిషన్ షూటింగ్'. దాని పాత సంచికలు, అట్టలతో సహా, కొన్ని నా దగ్గరున్నాయి. స్కోపుల సమీక్షలు పాతబడిపోయాయి, గాలి మీద రాసినవి పాతబడలేదు. అవి అమ్మను, అద్దెకు ఇవ్వను. షాపులో కూర్చుని చదువుకోండి, కుర్చీ వేస్తాను.

వాపసుకు రసీదు తెస్తే చాలు. పోయినా ఫర్వాలేదు, పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి. గుంటూరు వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు, ఫోన్‌పే నంబరు పంపండి. సుబేదార్ గారూ, మీది మాత్రం చేతికే ఇస్తాను, ఆ రోజు కోపంగా వెళ్లిపోయారు, ఓసారి రండి.