పశ్చిమ లౌడన్ పొలాల గురించి మనమూ మాట్లాడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతాలలో వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒకటి. ఆ కౌంటీ పడమటి భాగంలో మిగిలివున్న పొలాలను ఇళ్ల స్థలాలుగా ఎంతవరకు మారనివ్వాలన్న విషయంపై ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఈ మధ్య లీస్‌బర్గ్‌లోని కౌంటీ భవనంలో ఇదే విషయమై ప్రజల అభిప్రాయాలు వినడానికి జరిపిన ఒక బహిరంగ విచారణకు వెళ్లి రెండు గంటలకు పైగా కూర్చున్నాను. ఎండుగడ్డి పండించే రైతులు, ద్రాక్షతోటల వాళ్లు, వయసు మీదపడి భూమి అమ్ముకుందామనుకుంటున్న దంపతులు, ఇక్కడి అద్దెలు భరించలేక పక్క రాష్ట్రంలో ఇల్లు తీసుకుని రోజూ కారులో వచ్చి పాఠాలు చెబుతున్న ఒక ఉపాధ్యాయిని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. హాలులో నాకు కనిపించినంతలో తెలుగువాళ్లం ఇద్దరమే. ఇద్దరమూ నోరు విప్పలేదు. ఆ రోజు చెప్పవలసి ఉండి చెప్పలేకపోయిన మాటలను మీ పత్రిక ద్వారా మనవాళ్ల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1990లో ఈ కౌంటీ జనాభా 86 వేలు. 2020 జనగణన నాటికి అది 4,20,959కి చేరింది. ముప్ఫై ఏళ్లలో దాదాపు ఐదు రెట్లయిన ఈ జనమంతా ఎక్కువగా తూర్పు వైపునే, అంటే స్టెర్లింగ్, యాష్‌బర్న్, బ్రాంబుల్‌టన్, సౌత్ రైడింగ్ ప్రాంతాలలోనే స్థిరపడ్డారు. మా కాలనీ ఉన్న నేల కూడా ఒకప్పుడు పశువులు మేసిన పొలమే. నేను ఈ మాట మొదటే చెప్పుకోవడానికి కారణం ఉంది. పొలం మీద కట్టిన ఇంట్లో హాయిగా ఉంటూ, ఇకపై వచ్చేవారికి మాత్రం ఇళ్లు వద్దనే అర్హత నాకు లేదు. నేను అడుగుతున్నది అదీ కాదు. కొత్త ఇళ్లు కావాలి, అవి ఇప్పటికంటే ఎక్కువే కావాలి. అయితే వాటిని ఎక్కడ, ఎంత స్థలంలో కట్టాలన్నదే అసలు ప్రశ్న.

2019లో ఆమోదించిన కౌంటీ ప్రణాళిక ప్రకారం మొత్తం భూమిలో దాదాపు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతం కిందికి వస్తుంది. అక్కడికి కౌంటీ మంచినీటి గొట్టాలు గానీ, మురుగునీటి గొట్టాలు గానీ వేయరు. కాబట్టి అక్కడ ఇల్లు కట్టుకునే ప్రతివారూ సొంతంగా బోరు వేసుకోవాలి, సొంత సెప్టిక్ ట్యాంకు, దాని నీరు ఇంకడానికి తగినంత జాగా చూసుకోవాలి. ఈ ప్రాంతంలో ఉత్తర భాగానికి ఒక జోనింగు (ఏ నేలను దేనికి, ఎంతవరకు వాడవచ్చో చెప్పే నిబంధన), దక్షిణ భాగానికి మరొకటి ఉన్నాయి. మామూలుగా విభజిస్తే ఉత్తరాన 20 ఎకరాలకు ఒక ఇల్లు, దక్షిణాన 40 ఎకరాలకు ఒక ఇల్లు. ఇళ్లన్నిటినీ ఒకచోట గుంపుగా కట్టి మిగతా భూమిని ఖాళీగా వదిలే క్లస్టర్ పద్ధతిని ఎంచుకుంటే ఉత్తరాన 5 ఎకరాలకు ఒకటి, దక్షిణాన 15 ఎకరాలకు ఒకటి చొప్పున కట్టుకోవచ్చు. అంటే ఉత్తరాన ఉన్న ఒక వంద ఎకరాల పొలంలో ఇరవై ఇళ్లు లేస్తాయి.

కాగితం మీద క్లస్టర్ పద్ధతి చక్కగానే కనిపిస్తుంది. ఇళ్లు ఒక మూలన ఉంటాయి, మిగిలిన నేలలో వ్యవసాయం సాగుతుంది అనుకుంటాం. కానీ సెప్టిక్ వ్యవస్థకు ఎలాంటి నేల కావాలో ఆలోచించండి. నీరు నిలవకుండా చక్కగా ఇంకే, లోతైన, చదునైన నేల కావాలి. పంటకు కావలసిన మేలురకం నేల కూడా సరిగ్గా అదే. అందువల్ల ఇళ్ల గుంపు సహజంగానే పొలంలోని అత్యుత్తమ భాగం మీద పడుతుంది. రైతుకు మిగిలేది వాగు పక్కన పల్లం, రాతి గుట్ట, అడవి అంచు. ఖాళీ స్థలం విస్తీర్ణం లెక్కకు సరిపోతుంది గానీ దాని మీద ఎవరూ పంట తీయలేరు. విభజన జరిగేటప్పుడు మేలురకం సాగునేలలో అధిక భాగాన్ని విడిచిపెట్టి తీరాలన్న నిబంధన కోసం అక్కడి రైతులు ఎందుకంత పట్టుబట్టారో ఆ రోజు హాలులో కూర్చుని వింటే గానీ నాకు అర్థం కాలేదు. మన ఊళ్ల శివార్లలో హద్దురాళ్లు పాతిన తర్వాత ఏ పంటా వేయక బీడుపడిన మాగాణి చూసినవాళ్లకు ఈ బాధ వివరించనక్కరలేదు.

పోనీ, ఆ ఇరవై ఇళ్ల వల్ల ఇళ్ల కొరత తీరుతుందా? తీరదు. పెద్ద స్థలంలో, సొంత బోరుతో, సొంత సెప్టిక్‌తో కట్టే ఇల్లు ఖరీదైన ఇల్లే అవుతుంది. ఆ సాయంత్రం మాట్లాడిన ఉపాధ్యాయినికి గానీ, అగ్నిమాపక సిబ్బందికి గానీ, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు గానీ అది అందదు. అంటే పొలం పొలంగా మిగలదు, కావలసినవారికి ఇల్లూ దొరకదు. ఈ రెండు నష్టాలూ ఒకే చోట జరగడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

నీటి సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పడమటి వైపు భూగర్భంలోని రాతి పగుళ్లలో చేరిన నీరే బోర్లకు ఆధారం. ఒక బోరులో నీరు సమృద్ధిగా ఉంటే, కొంత దూరంలోని మరో బోరు వేసవిలో వట్టిపోవచ్చు. లీస్‌బర్గ్‌కు ఉత్తరాన సున్నపురాయి నేలలున్న చోట కౌంటీ ప్రత్యేక నిబంధనలు పెట్టింది. అలాంటి రాతిలో ఏర్పడిన సొరంగాల గుండా మురుగునీరు వడపోత లేకుండా భూగర్భజలంలోకి దిగే ప్రమాదం ఉంది కనుకనే ఆ జాగ్రత్త. తూర్పు వైపు కుళాయి తిప్పితే నీళ్లు వచ్చే మనకు ఇది పట్టదు. కానీ పక్క పొలంలో ఇరవై బోర్లు పడతాయని తెలిసిన రైతు కుటుంబానికి అది రోజూ వెంటాడే భయం.

ఇక్కడ రైతుల పక్షాన మరో మాట కూడా చెప్పాలి. పొలాన్ని కాపాడమనే పట్టణవాసులు దాని ఖర్చును పూర్తిగా రైతు మీదనే మోపితే అది న్యాయం కాదు. చాలామందికి ఆ భూమే పింఛను, ఆ భూమే పిల్లల చదువు. వ్యవసాయం సాగుతున్న భూమికి మార్కెట్ విలువ మీద కాక సాగు విలువ మీద పన్ను వేసే వెసులుబాటు వర్జీనియాలో ఉంది. ఆ భూమిని తర్వాత ఇళ్ల కోసం మారిస్తే ఆ ఏడాదితో పాటు అంతకుముందు ఐదేళ్ల పన్ను తేడాను వడ్డీతో కట్టాలి. ఇది మంచి ఏర్పాటే, కానీ ప్లాటు ధర ముందు ఆ మొత్తం ఏపాటిది? భూమి రైతు చేతిలోనే ఉండనిచ్చి, దాని మీద ఇళ్లు కట్టే హక్కును మాత్రం కౌంటీ డబ్బిచ్చి కొనే పథకం ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇక్కడ కొంతకాలం నడిచి ఆగిపోయింది. దాన్ని మళ్లీ మొదలుపెట్టాలని, అందుకు మన పన్నులో కొంత భాగం పోయినా సరేనని నేను బహిరంగంగా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

పక్కనే బ్లూ రిడ్జ్ కొండలకు ఆవల ఉన్న క్లార్క్ కౌంటీని చాలామంది ఉదాహరణగా చూపుతారు. 1980లోనే వారు భూమి విస్తీర్ణం పెరిగినకొద్దీ ఎకరానికి ఇళ్ల హక్కులు తగ్గిపోయే పద్ధతి తెచ్చారు. అక్కడ వంద ఎకరాలున్నా ఇళ్ల హక్కులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. నాలుగు దశాబ్దాలు దాటినా 2020లో అక్కడి జనాభా 15 వేలలోపే. పొలాలు నిలిచాయి, నిజమే. కానీ క్లార్క్ చేసిన పనిని మక్కీకి మక్కీ చేయడం లౌడన్‌కు కుదరదు. ఇక్కడ ఉద్యోగాలున్నాయి, విమానాశ్రయం ఉంది, 2022 నవంబరు 15 నుంచి యాష్‌బర్న్ దాకా మెట్రో రైలు ఉంది. వచ్చే జనాన్ని ఆపలేం. పడమట తలుపు మూస్తే తూర్పున తలుపు తెరవక తప్పదు.

నా అసలు అభ్యర్థన మనవాళ్లకే. మెట్రో స్టేషన్ల చుట్టూ నీరు, మురుగు, బడి, బస్సు అన్నీ ఉన్న చోట ఎక్కువ అంతస్తుల ఇళ్లు కట్టాలని ఎవరైనా ప్రతిపాదిస్తే, మా పిల్లల బడి నిండిపోతుంది, రోడ్డు మీద రద్దీ పెరుగుతుంది, ఇంటి విలువ తగ్గుతుంది అంటూ సంతకాలు సేకరించేది మనమే. నేనూ ఒకసారి అలాంటి కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంతకానికి ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాను. అక్కడ కట్టకుండా ఆపిన అపార్ట్‌మెంటు గాలిలో కలిసిపోదు. దాని అవసరం ఇంకా దూరంగా, ఏదో ఒక పొలం మీదకో, వెస్ట్ వర్జీనియాలోని పల్లె మీదకో జరుగుతుంది. ఇళ్ల కొరత తీర్చడానికి 2021 సెప్టెంబరులో కౌంటీ ఒక ప్రణాళికను ఆమోదించింది. కానీ తూర్పున భూమి కోసం డేటా సెంటర్లతో పోటీ పడి ఇళ్లు కట్టడం ఎంత కష్టమో ఆ పరిశ్రమలో పనిచేసే మనవాళ్లలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. వాటి నుంచి వచ్చే పన్ను వల్లనే మన ఇంటిపన్ను తక్కువగా ఉందన్నది కాదనలేని నిజం. అయినా ప్రత్యేక విచారణ లేకుండా డేటా సెంటర్లు కట్టే వీలును 2025 మార్చిలో కౌంటీని పాలించే సూపర్‌వైజర్ల బోర్డు తొలగించడం సరైన పనే.

ఇంకొక విషయం తెలియక చాలామంది ఆలస్యంగా మేలుకుంటున్నారు. జోనింగులో ముందే అనుమతించిన విభజనకు దరఖాస్తు వచ్చాక సూపర్‌వైజర్లు దాన్ని తిరస్కరించలేరు, దానికి బహిరంగ విచారణ కూడా ఉండదు. బుల్‌డోజర్ కనిపించాక ఫోను చేస్తే ఫలితం శూన్యం. మాట చెల్లేది ప్రణాళిక, జోనింగు నిబంధనలు రాసేటప్పుడే. అప్పుడు కూడా పని పద్ధతిగా జరగాలి. పడమట ఇళ్ల సాంద్రతను తగ్గిస్తూ 2003లో బోర్డు చేసిన మార్పులను, ప్రజలకిచ్చిన ప్రకటన చట్టం కోరినంత స్పష్టంగా లేదన్న కారణంతో 2005లో వర్జీనియా సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పటికి ఉన్న పాత నిబంధన 3 ఎకరాలకు ఒక ఇల్లు. కొత్త నిబంధనలు మళ్లీ తెచ్చుకోవడానికి 2006 దాకా పట్టింది. ఒక ప్రకటనలోని లోపానికి ఎన్ని పొలాలు మూల్యం చెల్లించి ఉంటాయో ఊహించుకోవచ్చు.

కాబట్టి మీ పత్రికకు నాదొక విన్నపం. ఇలాంటి విచారణల ప్రకటనలు వార్తాపత్రికలలో వేయాలని వర్జీనియా చట్టమే చెబుతోంది. అవి ఇంగ్లీషులో, చిన్న అక్షరాలలో, న్యాయ పరిభాషలో వస్తాయి. మన ఇళ్లలో ఉంటున్న తల్లిదండ్రులు, వ్యవసాయం చేసి వచ్చినవాళ్లు, నేల సంగతి మనకంటే ఎంతో తెలిసినవాళ్లు, వాటిని చదవలేరు. లౌడన్‌లో గానీ, తెలుగువారు ఎక్కువగా ఉన్న మరే కౌంటీలో గానీ భూవినియోగం మీద విచారణ ఉంటే, దాని తేదీ, చోటు, ఏ ఊరి ఏ నేల గురించి అన్న వివరాలను నాలుగు వాక్యాల తెలుగులో మీ అమెరికా పేజీలో వేయగలరా? మొదటి కొన్ని నెలలు ఆ ప్రకటనలు చదివి తెలుగు చేసి పంపే బాధ్యత నేను తీసుకుంటాను. వచ్చే విచారణకు మా నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఈసారి మాట్లాడేవారి పట్టికలో నా పేరు రాయించాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
యాష్‌బర్న్, వర్జీనియా