కప్పు వాడి దగ్గరే ఉంటే అది శిక్ష ఎట్లా అవుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆ మధ్య మీ పేపర్ స్పోర్ట్స్ పేజీలో ఒక మూలన, టెండర్ నోటీసు పక్కన, 2008లో ఫెరారీ డ్రైవర్‌గా ఉన్న ఫెలిపె మాస్సా, ఆ ఏడాది ఫార్ములా వన్ కారు రేసుల టైటిల్ నాదే అని లండన్ కోర్టులో వేసిన కేసు గురించి నాలుగంటే నాలుగు లైన్లు వేశారు. అంత పెద్ద కథని నాలుగు లైన్లలో తొక్కేస్తే ఎట్లా సార్ అని ఈ లెటర్ రాస్తున్నా. నేను కర్నూల్లో బళ్లారి చౌరస్తా దగ్గర 22 ఏళ్లుగా బైక్ మెకానిక్ షాపు పెట్టుకుని బతుకుతున్నా, కారు రేసులంటే మా షాపులో నాకూ పిచ్చే, పని నేర్చుకునే పిల్లోళ్లకి నాకంటే ఎక్కువ పిచ్చి, ఆదివారం సాయంత్రం అయిందంటే స్పానర్లు పక్కన పడేసి ఫోన్ చుట్టూ మూగుతారు. కర్నూలోళ్లకి ఈ రేసుల గొడవ ఎందుకు అనొద్దు, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు పెడితే ఈడి నుంచి రాత్రి బస్సెక్కి పోయినోళ్లు ఉన్నారు.

సంగతి తెలియనోళ్ల కోసం ముందు సింగపూర్ కథ చెప్తా. 2008 సెప్టెంబర్ 28, ఫార్ములా వన్‌లో మొదటిసారి రాత్రిపూట లైట్ల కింద పెట్టిన రేసు. రెనో టీమ్‌లో ఇద్దరు డ్రైవర్లు, ఒకరు ఫెర్నాండో అలోన్సో, ఇంకొకరు నెల్సన్ పికే జూనియర్. అలోన్సో 15వ స్థానం నుంచి బయల్దేరాడు, 12వ ల్యాప్‌కే పిట్‌లోకి పిలిచి పెట్రోలు పోసి పంపించారు, చూసేటోళ్లకి ఇదేం పిచ్చి ప్లాన్ రా అనిపించింది, కాసేపటికే 14వ ల్యాప్‌లో పికే కారు 17వ మలుపు కాడ గోడని గుద్దింది, ఆ మలుపులో ఆగిపోయిన కారుని ఎత్తి పక్కన పెట్టడానికి క్రేన్ లేదు కాబట్టి సేఫ్టీ కారు రావాల్సిందే, అది వచ్చిందంటే అందరూ దాని వెనకాల మెల్లగా క్యూ కట్టాల్సిందే, మిగతా కార్లన్నీ అప్పుడు పిట్‌లోకి పరిగెత్తుతుంటే ముందే పని ముగించుకున్న అలోన్సో ముందుకొచ్చేసి చివరికి రేసు గెలిచాడు. అదే గందరగోళంలో అప్పటిదాకా లీడ్‌లో ఉన్న మాస్సాకి, పెట్రోలు పైపు ఊడదీయకముందే ఫెరారీ వాళ్లు పచ్చలైటు వేశారు, పైపుతో సహా బయల్దేరాడు పాపం. 13వ స్థానం, సున్నా పాయింట్లు. టైటిల్ కోసం మాస్సాతో పోటీలో ఉన్న హామిల్టన్‌కి మూడో స్థానం, 6 పాయింట్లు.

ఆ సీజన్ చివర లెక్క ఏంది? హామిల్టన్ 98, మాస్సా 97. సింగపూర్ రేసు ఒక్కటి లెక్కలోంచి తీసేయండి, హామిల్టన్ 92, మాస్సా 97. పైపు తప్పు ఫెరారీ వాళ్లదే కదా అని మా షాపులోనే ఒకడు వాదిస్తాడు, నిజమే, కాదనను, కానీ ఆ హడావుడి తెచ్చిపెట్టింది ఎవరు? కావాలని గోడని గుద్దించినోళ్లే కదా.

ఇంగ శిక్ష సంగతి. 2009 ఆగస్టులో పికేని టీమ్‌లోంచి తీసేశారు, కడుపు మండితే గాని నోరు తెరుచుకోదు మనిషికి, అప్పుడు బయటపెట్టాడు, గుద్దమని చెప్తేనే గుద్దినానని. సెప్టెంబర్ 21న ఎఫ్ఐఏ, అంటే ఈ రేసుల మీద పెత్తనం చేసే సంస్థ, దాని కౌన్సిల్ కూర్చుని రెనో టీమ్‌కి సస్పెండెడ్ శిక్ష అని ఒకటి వేసింది, అంటే రెండేళ్లు బుద్ధిగా ఉంటే ఏమీ చేయం అని. టీమ్ బాస్ ఫ్లావియో బ్రియాటోరేకి ఎప్పటికీ రావొద్దని నిషేధం, ఇంజనీర్ పాట్ సైమండ్స్‌కి 5 ఏళ్లు, పికే నిజం చెప్పినందుకు ఏమీ లేదు. అలోన్సోకి ఈ సంగతి తెలుసు అనడానికి ఆధారం ఏదీ దొరకలేదు. సరే బాగుంది అనుకుంటే, 2010 జనవరిలో పారిస్ కోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసి, బ్రియాటోరేకే 15,000 యూరోలు ఇమ్మంది! తర్వాత ఇద్దరూ ఎఫ్ఐఏతో రాజీ చేసుకుని 2012 చివరిదాకా ఫార్ములా వన్‌లో పని చేయం అని ఒప్పుకున్నారు. 2024లో ఆయన మళ్లీ వచ్చాడు, యాడికి? అదే రెనో వాళ్ల టీమ్‌కే, పేరు మాత్రం ఇప్పుడు ఆల్పీన్. నా తప్పేం లేదు అనే ఆయన మొదటి నుంచీ చెప్తున్నాడు. ఇంత జరిగినా ఆ రేసు రిజల్ట్ మాత్రం ఇప్పటికీ అట్లనే ఉంది, రికార్డు పుస్తకం తీస్తే సింగపూర్ 2008 విజేత రెనో.

నా బాధ అంతా ఇదే. గెలుపుని వాడి చేతిలోనే వదిలేసి మనుషులకి శిక్షలు వేస్తే అది శిక్ష ఎట్లా అవుతుంది?

మా సొంతూరు ఎమ్మిగనూరు పక్కన. మావైపు జాతరలకీ ఉగాదికీ బండలాగుడు పోటీలు పెడతారు, మీకు తెలిసిందే. గిత్తల పళ్లు చూసి విభాగాలు పెడతారు, రెండు పళ్లవి ఒక రోజు, నాలుగు పళ్లవి ఒక రోజు, ఆరు పళ్లవి ఒక రోజు, చివర సీనియర్లు. నేను చిన్నగా ఉన్నప్పుడు ఒకాయన ఆరు పళ్లేసిన కాడిని నాలుగు పళ్ల విభాగంలో తోలినాడు, నోరు తెరిచి చూసేటోడికి ఏం ముట్టజెప్పినాడో ఏమో దేవుడికే తెలియాల, ఇచ్చిన టైంలో అందరికంటే ఎక్కువ అడుగులు లాగించి మొదటి బహుమతి ఎత్తుకుని ఊరేగింపుగా పోయినాడు. మరుసటి రోజు టీ అంగడి కాడ సంగతి బయటపడింది. కమిటీ పెద్దలు ఫైన్ కట్టు అనలేదు, బుద్ధిగా ఉంటానని రాసియ్యమనలేదు. బహుమతి వెనక్కి తెప్పించి రెండోసారి మైకు పెట్టించి రెండో స్థానంలో వచ్చిన రైతుని పిలిచి అందరి ముందర ఆయన చేతికి ఇచ్చారు, నోరు చూసినోణ్ణి ఆ పనిలోంచి తీసేశారు, కాడి తోలినాయన్ని తర్వాతి ఏడాది గేటు కాడే ఆపేశారు. రూల్ బుక్కు లేదు, లాయర్లు లేరు. లక్షల డాలర్లు తిరిగే ఎఫ్ఐఏకి ఈ మాత్రం ఎందుకు చేతకాదు? డిసెంబర్లో ప్రైజులు పంచేసినాక రిజల్ట్ మార్చేది లేదంట, అది వాళ్ల రూలు. అంటే డిసెంబర్ దాకా దాచిపెట్టగలిగినోడు గెలిచినట్టేనా. 2008 సీజన్ నడుస్తున్నప్పుడే ఈ సంగతి మాకు తెలుసు అని, అప్పట్లో ఫార్ములా వన్‌ని నడిపించిన బెర్నీ ఎక్లెస్టోన్ 2023లో ఇంటర్వ్యూలో చెప్పినట్టు వచ్చింది, దాని మీదే మాస్సా లండన్ హైకోర్టుకి పోయాడు. 2025 నవంబర్లో జడ్జి ఏమన్నాడంటే, టైటిల్ నీదే అని కోర్టు ప్రకటించడం కుదరదు గాని కేసులో కొంత భాగం విచారణకి పోవచ్చు అని. మీ నాలుగు లైన్లలో ఈ తేడా అసలు లేదు సార్, మాస్సా గెలిచినట్టు హెడ్డింగ్ పెట్టారు.

డబ్బు జరిమానా అంటే నాకు అసలు నమ్మకం లేదు. మా ఏరియాలో ఒక బంకులో లీటరుకి తక్కువ కొడుతున్నారని అధికారులు వచ్చి పట్టుకున్నారు, మా షాపుకొచ్చే కస్టమర్లు ఎందరో మైలేజీ పడిపోయింది అన్నా అని నా మీద ఎగిరినోళ్లే, కార్బ్యురేటర్ విప్పి విప్పి నా చేతులు అరిగినాయి. ఫైన్ కట్టారు, కొన్నాళ్లు మూశారు, మళ్లీ తెరిచారు. ఫైన్ అనేది వాళ్లకి కరెంటు బిల్లు లాంటిది. రెడ్‌బుల్ టీమ్ 2021లో ఖర్చు లిమిట్ దాటింది, ఆ లెక్క తేలి 70 లక్షల డాలర్ల జరిమానా వేసేసరికి 2022 అక్టోబర్, అప్పటికి వాళ్ల డ్రైవర్ వెర్‌స్టాపెన్ రెండో టైటిల్ కూడా కొట్టేశాడు. విండ్ టనెల్ టైం, అంటే గాలి వదిలి కారు డిజైన్ పరీక్షించుకునే టైం, 10 శాతం కోసినాం అన్నారు. కోసిన తర్వాత 2023లో ఏమైంది, 22 రేసుల్లో 21 వాళ్లే గెలిచారు. వాళ్లు దాటింది తక్కువే, పెద్ద మోసం అని నేను అనట్లేదు, కానీ ఆ శిక్ష ఎవరికి తగిలింది చెప్పండి.

2007లో మెక్‌లారెన్ వాళ్లకి 10 కోట్ల డాలర్ల ఫైన్ వేశారు, అది మాత్రం పెద్ద దెబ్బే. ఫెరారీ టెక్నికల్ పేపర్లు 780 పేజీలు మెక్‌లారెన్ డిజైనర్ చేతికి చేరినాయి, ఆయన భార్య వాటిని జిరాక్స్ షాపుకి తీసుకుపోయింది, ఆ షాపులో పని చేసేటాయన ఫెరారీ ఫ్యాన్, చూసి ఫెరారీకి మెయిల్ పెట్టాడు. (మన కలెక్టరేట్ ఎదురుగా జిరాక్స్ షాపుల్లో ఎన్ని రహస్యాలు తెలుస్తాయో నాకు తెలుసు కాబట్టి ఈ ముక్క చదివి చాలాసేపు నవ్వినా.) టీమ్ పాయింట్లన్నీ తీసేశారు గాని డ్రైవర్ల పాయింట్లు ముట్టుకోలేదు. ఆ ఏడాది ఫెరారీ డ్రైవర్ రైకోనెన్ 110, మెక్‌లారెన్ డ్రైవర్లు హామిల్టన్ 109, అలోన్సో 109. ఒకటి రెండు పాయింట్లు అటు ఇటు అయ్యుంటే పోటీలోంచి గెంటేసిన టీమ్ కారులో కూర్చున్నోడు ప్రపంచ ఛాంపియన్ అయ్యేవాడు.

సరైన శిక్ష అంటే నాకు గుర్తొచ్చేది 1995 ర్యాలీ సంగతి. టయోటా సెలికా కారు, టర్బోకి గాలి పోయే దారిలో 34 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ పెట్టాలని రూలు, అంటే ఇంజన్ అంతకంటే ఎక్కువ గాలి పీల్చకూడదు. వీళ్లు ఏం చేశారంటే, గొట్టానికి క్లాంప్ బిగించినప్పుడు లోపల ఆ రెస్ట్రిక్టర్ ఒక 5 మిల్లీమీటర్లు పక్కకి జరిగి సందు ఏర్పడేటట్టు స్ప్రింగులు పెట్టారు, ఆ సందులోంచి ఎక్కువ గాలి పోతుంది, చెక్ చేయడానికి గొట్టం ఊడదీస్తే స్ప్రింగు టక్కున వెనక్కి కొట్టి సందు మూసేస్తుంది, చూసేటోడికి అంతా కరెక్టే. మెకానిక్‌గా చెప్తున్నా, ఆ పనితనానికి దండం పెట్టాలి, చేసినోడికి శిక్షా వేయాలి. వేశారు కూడా. ఆ ఏడాది డ్రైవర్ల పాయింట్లు, టీమ్ పాయింట్లు అన్నీ పీకేసి, 1996 అంతా పోటీలోకే రానివ్వలేదు. దానికి టయోటా ఏమైనా చచ్చిపోయిందా? తర్వాత మళ్లీ వచ్చి 1999లో మాన్యుఫాక్చరర్స్ టైటిల్ కొట్టింది.

అన్ని దొంగతనాలూ ఒకటి కాదు, అది కూడా ఒప్పుకోవాల. అమెరికాలో నాస్కార్ అనే కారు రేసుల్లో స్మోకీ యూనిక్ అని ఒకాయన ఉండేవాడు, ట్యాంకు సైజుకి రూలు ఉంది, పైపు సైజుకి లేదు, అందుకని 11 అడుగుల పొడవు, 2 అంగుళాల లావు పెట్రోలు పైపు వేసి దాంట్లోనే అదనంగా పెట్రోలు పట్టించాడని చెప్తారు. దీనికి నేను శిక్ష వేయను, రూలు రాసినోడికి వేస్తా, మరుసటి వారం రూలు మార్చుకోండి అంతే. అదే నాస్కార్‌లో 2013 సెప్టెంబర్ 7న రిచ్‌మండ్‌లో క్లింట్ బోయర్ కావాలని కారు గిర్రున తిప్పాడు, తోటి డ్రైవర్ ట్రూఎక్స్‌కి ప్లేఆఫ్, అంటే టైటిల్ తేల్చే చివరి రేసుల్లో, సీటు దక్కాలని. రెండు రోజుల్లో తీర్పు వచ్చింది, టీమ్‌కి 3 లక్షల డాలర్ల ఫైన్, ట్రూఎక్స్‌ని ప్లేఆఫ్ నుంచి తీసేసి అన్యాయమైపోయిన ర్యాన్ న్యూమన్‌ని లోపల పెట్టారు. మా జాతర కమిటీ లెక్క, అంత తొందరగా! కానీ అసలు తిప్పిన బోయర్ మాత్రం ప్లేఆఫ్‌లో అట్లనే ఉండిపోయాడు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కావాలని గుద్దించడం మాత్రం వేరే లెక్క. 2000లో మోంజాలో ఒక మార్షల్, 2001లో మెల్‌బోర్న్‌లో ఇంకొక మార్షల్, గుద్దుకున్న కారు చక్రం ఎగిరొచ్చి తగిలి చనిపోయారు, ఇద్దరూ ట్రాక్ పక్కన డ్యూటీలో నిలబడినోళ్లే. అది తెలిసి కూడా ఏడేళ్లకి ఒక ప్లాన్ ప్రకారం కారుని గోడకి కొట్టించారంటే దాన్ని ఆటలో మోసం అనకూడదు, పోలీసు కేసు పెట్టాలి. 1997లో హెరెజ్‌లో షూమాకర్, టైటిల్ కోసం తనతో పోటీలో ఉన్న విల్నెవ్ కారుని పక్కనుంచి గుద్దినాడు, ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం తీసేశారు గాని ఒక్క రేసు కూడా ఆపలేదు, గెలుపులన్నీ లెక్కలోనే ఉన్నాయి. షూమాకర్ అంటే నాకు ప్రాణం, షాపులో ఇప్పటికీ ఆయన ఎర్ర కారు పోస్టర్ ఉంది, అయినా ఆ రోజు చేసింది తప్పే.

నన్ను అడిగితే ముందు ఆ రేసు గెలుపు తీసేయాలి, పదేళ్ల తర్వాత తెలిసినా సరే తీసేయాలి, తర్వాతే మిగతా మాటలు. ప్లాన్ వేసినోడికి జీవితాంతం, మళ్లీ సలహాదారు అని ఇంకో పేరుతో రావడానికి కూడా లేకుండా. నిజం చెప్పిన డ్రైవర్‌కి శిక్ష తగ్గించండి గాని పూర్తిగా మాఫీ వద్దు, స్టీరింగ్ పట్టుకున్నది ఆయన చేతులే. ఇంకోటి, ఫెరారీ 2019 ఇంజన్ విషయంలో ఎఫ్ఐఏ, ఫెరారీ చేసుకున్నట్టు లోపల లోపల రాజీ చేసుకుని ఏం ఒప్పుకున్నారో ఎవరికీ చెప్పం అంటే ఒప్పుకోకూడదు, ఏడు టీములు కలిసి అడిగినా చెప్పలేదు వాళ్లు.

మాస్సా కేసు విచారణ మొదలైనప్పుడు దయచేసి ఈసారి అర పేజీ ఇవ్వండి, టెండర్ నోటీసులు పక్క పేజీకి జరపండి. మా షాపులో పిల్లోళ్లు ఆ కటింగ్ గోడకి అతికించడానికి షూమాకర్ పోస్టర్ పక్కన జాగా కూడా చూసి పెట్టుకున్నారు.

ఇట్లు,
ఒక బైక్ మెకానిక్,
బళ్లారి చౌరస్తా, కర్నూలు