నాన్నకు, ఇంగ్లండ్‌లోని వెస్ట్ ఆక్లాండ్ నుంచి

నాన్నా,

నువ్వూ అమ్మా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాం కదా, మళ్లీ ఉత్తరం ఎందుకని అమ్మ అంటుంది. ఫోను పట్టుకుంటే నీకూ నాకూ మాటలు రావు. "తిన్నావా", "తిన్నాను", "చలి ఎలా ఉంది", "ఉంది". అక్కడితో అయిపోతుంది. అందుకే రాస్తున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదువు.

ఉద్యోగం బాగుంది. రాత్రి డ్యూటీలు తగ్గాయి, తోటి నర్సులు మంచివాళ్లు, జీతం సరిగ్గా వస్తోంది. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

నీ బెంగ వేరని నాకు తెలుసు. పట్నం వదిలి ఈ పల్లెటూరికి ఎందుకు మారానని, మనవాళ్లు ఒక్కరూ లేనిచోట ఎలా ఉంటున్నానని అమ్మ ద్వారా అడిగిస్తున్నావు. అద్దె తక్కువని చెప్పాను, అది నిజమే. అసలు కారణం ఇంకొకటి ఉంది. ఇది బొగ్గు ఊరు నాన్నా. ఇప్పుడు గనులు లేవు. ఈ డర్హమ్ బొగ్గు ప్రాంతంలో చివరి లోతు గనిని 1993లో మూసేశారు. గనులు పోయినా ఊరి తీరు పోలేదు. వరుసగా ఒకేలా కట్టిన ఇళ్లు, ఎవరింట్లో ఎవరు ఏ గనిలో పనిచేశారో అందరికీ తెలిసి ఉండటం, పెద్దవాళ్ల దగ్గు. మన సింగరేణి క్వార్టర్ల మధ్య పెరిగినదాన్ని, ఈ ఊరు నాకు పరాయిది ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. శనివారం డ్యూటీ లేకపోతే మూడు గంటలకల్లా మైదానం దగ్గర ఉంటాను. ఆ క్లబ్ కథ నీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

1909లో ఇటలీలోని ట్యురిన్ నగరంలో దేశాల మధ్య ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. కప్పు ఇచ్చింది సర్ థామస్ లిప్టన్. అవును, మన టీ పొట్లాల మీద పేరున్న ఆ లిప్టనే. జర్మనీ, ఇటలీ, స్విట్జర్లాండ్ తమ జట్లను పంపాయి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మాత్రం మేం రామంది. చివరికి బ్రిటన్ తరఫున వెళ్లింది ఈ ఊరి జట్టు. గనిలో బొగ్గు కొట్టేవాళ్లు! ఆడినందుకు జీతం లేదు. అసలు పోటీకి పిలిచిన ఆ ఉత్తరం లండన్‌లోని ఊల్విచ్ ఆర్సెనల్‌కు వెళ్లాల్సింది, ఇంగ్లీషులో పొడి అక్షరాలు (W.A.) రెండు పేర్లకూ ఒకటే కావడంతో ఇక్కడికి వచ్చిందని ఒక కథ చెప్పుకుంటారు. దానికి ఆధారం లేదు. నాకైతే ఆ కథ నచ్చదు కూడా. పొరపాటున వెళ్లినవాళ్లు కప్పు గెలుచుకుని వస్తారా?

నువ్వయితే ముందు ఏమి అడుగుతావో నాకు తెలుసు. అన్ని రోజులు నాగా పెడితే ఇల్లు ఎలా గడిచిందని. రైలు, ఓడ, మళ్లీ రైలు. గనికి వెళ్లని రోజుకు కూలి లేదు. అయినా వెళ్లారు. జర్మనీ నుంచి వచ్చిన స్టుట్‌గార్ట్ జట్టును 2-0తో, ఫైనల్లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన వింటర్‌తూర్‌ను 2-0తో ఓడించారు. 1911లో కప్పు నిలబెట్టుకోవడానికి మళ్లీ వెళ్లి, ముందు జ్యూరిక్ జట్టును, ఫైనల్లో ఇటలీ జట్టు యువెంటస్‌ను ఓడించారు. యువెంటస్ అంటే ఎవరో తమ్ముణ్ని అడుగు. 6-1 నాన్నా! రెండుసార్లు గెలిచారు కాబట్టి కప్పు ఈ ఊరికే శాశ్వతంగా ఇచ్చేశారు. ఇప్పుడు అందరూ చూసే ప్రపంచ కప్పు మొదలయింది 1930లో. అందుకే ఈ ఊళ్లో దీన్నే మొదటి ప్రపంచ కప్పు అంటారు. చరిత్ర రాసేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. నేను ఊరివాళ్ల పక్షమే.

నన్ను పట్టి ఉంచింది మాత్రం ఆ గెలుపు కాదు, ఆ తర్వాత జరిగింది. ప్రయాణం ఖర్చులతో క్లబ్ అప్పుల్లో పడింది. తీర్చడానికి వేరే దారి లేక, గెలుచుకు వచ్చిన కప్పునే ఊళ్లో హోటలు నడిపే ఆవిడ దగ్గర 40 పౌండ్లకు తాకట్టు పెట్టారు. దాన్ని విడిపించుకున్నది 1960లో, 100 పౌండ్లు ఇచ్చి. అప్పటికి ఆడినవాళ్లలో ఎంతమంది మిగిలి ఉంటారు? ఈ సంగతి విన్న రోజు నాకు అమ్మ గొలుసు గుర్తొచ్చింది. నా నర్సింగ్ ఫీజు కట్టడానికి మీరిద్దరూ బ్యాంకుకు వెళ్లి వచ్చిన సాయంత్రం అమ్మ పైట మెడ చుట్టూ కప్పుకుని తిరిగింది, నాకు కనిపించకూడదని. దసరాకు లాభాల వాటా రాగానే నువ్వు చేసిన మొదటి పని దాన్ని విడిపించి తేవడం. ఇవన్నీ నేను మరిచిపోయాననుకోకు.

తెచ్చుకున్న కప్పును 1994లో ఎవరో దొంగిలించారు. ఇప్పటికీ దొరకలేదు. ఇప్పుడున్నది నకలు. 2013లో ఆ గెలుపుకు గుర్తుగా ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టారు. బస్సు కోసం అటుగా నడిచే ప్రతిసారీ చూస్తాను.

తమ్ముడి రెండో విడత ఫీజు పంపాను. అందిందో లేదో వాణ్ని ఒక మాట రాయమను. ఫీజు అందగానే చదువు మీద ధ్యాస తగ్గిస్తాడు, కాస్త చూడు.

మైదానంలో నా పక్కన ఎప్పుడూ ఒక పెద్దాయన నిలబడతారు. చిన్నప్పుడే గనిలో చేరారట. మా నాన్న సింగరేణి అంటే ఆయనకు తెలియలేదు గానీ, మా నాన్న భూగర్భంలో చేశారు అంటే వెంటనే అర్థమైంది. ఎంత లోతు, గని పైకప్పుకు కర్ర దిమ్మెలా ఇనుప దిమ్మెలా, నీళ్లు ఊరేవా అని ఒకటే ప్రశ్నలు. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనివి నువ్వు రాయాలి. ఆయనకు నేనూ ఒకటి చెప్పాను: ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలయింది 1889లో, తవ్వించిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండ్‌లో పెట్టినదే అని. ఈ ఊరి జట్టు ఆడే నార్తర్న్ లీగ్ పుట్టింది కూడా 1889లోనే. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న లీగుల్లో అంతకన్నా పాతది ఒక్కటే ఉందట. ఆయన చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయారు.

ఇంకొకటి కూడా చెప్పాను. నువ్వు చెబుతుండే సయ్యద్ అబ్దుల్ రహీం గారి సంగతి. హైదరాబాద్ మాస్టారు శిక్షణలో మన దేశ ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందని, 1962లో ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిందని. దానికి బదులుగా పెద్దాయన జాక్ గ్రీన్‌వెల్ గురించి చెప్పారు. పక్కనే ఉన్న క్రుక్ ఊరివాడు. 1909లో ఈ జట్టుకు అరువు ఆటగాడిగా ట్యురిన్ వెళ్లాడు. 1912లో బార్సిలోనాలో చేరి, తర్వాత ఆ జట్టుకే శిక్షకుడయ్యాడు. 1939లో పెరూను దక్షిణ అమెరికా విజేతగా నిలిపింది ఆయనే. ఈ బొగ్గు ఊళ్లలోంచి ఎక్కడెక్కడికి వెళ్లారో చూడు. నేను ఇంత దూరం వచ్చానని నువ్వు బాధపడతావు గానీ.

1961లో ఇదే జట్టు జీతం లేకుండా ఆడే జట్ల పోటీ అయిన అమెచ్యూర్ కప్ ఫైనల్‌కు లండన్‌లోని వెంబ్లీకి వెళ్లి 2-1తో ఓడిపోయింది. మ్యాచ్ నిన్ననే జరిగినట్టు ముసలివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. జీతానికి ఆడేవాళ్లు, ఊరికే ఆడేవాళ్లు అనే తేడాను 1974లో ఫుట్‌బాల్ సంఘం తీసేసింది, ఆ కప్పు కూడా ఆగిపోయింది. దాని తర్వాత చిన్న క్లబ్బుల కోసం పెట్టిన కప్పులో ఈ ఊరు 2012లో ఒకసారి, 2014లో ఒకసారి మళ్లీ వెంబ్లీ దాకా వెళ్లి రెండుసార్లూ ఓడింది. ఓడినా శనివారం మైదానానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. టిక్కెట్లు ఇచ్చేవాళ్లు, టీ కాచేవాళ్లు, గీతలు గీసేవాళ్లు, వీళ్లలో చాలామంది ఊరికే చేసేవాళ్లే. నాకు వాళ్లంటే చాలా గౌరవం. గని పోయాక కూడా ఊరు ఊరుగా ఉందంటే వీళ్ల వల్లే అని నా నమ్మకం.

అమ్మా, ఇది నీకు. మగవాళ్ల మధ్య ఆడపిల్ల ఒక్కతే ఆట చూడటం ఏమిటని నువ్వు అంటావని తెలుసు. ఇక్కడ ఆడవాళ్లు కూడా వస్తారు, కుటుంబాలతో వస్తారు, ఆట అయ్యాక వెలుతురు ఉండగానే ఇంటికి చేరతాను. ఇంకో మాట విను. 1920లో ఈ దేశంలో ఆడవాళ్ల మ్యాచ్ ఒకటి చూడటానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే, ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగదని చెప్పి, సంఘం తన మైదానాల్లో వాళ్లను ఆడనివ్వలేదు. దాదాపు యాభై ఏళ్లు ఆ నిషేధం సాగింది. కాబట్టి నేను గట్టు మీద నిలబడి చూస్తున్నానంటే దాన్ని తప్పు పట్టకు.

నాన్నా, ఇప్పుడు అసలు విషయం. నీ దగ్గు. "దుమ్ములో చేసినవాడికి దగ్గు రాదా" అని నవ్వి వదిలేస్తున్నావు. నా పక్కన నిలబడే పెద్దాయన కూడా అలాగే వదిలేశారట. ఇప్పుడు మైదానం గేటు నుంచి మా చోటుకు వచ్చేలోపు మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటారు. నర్సుగా చెబుతున్నాను: బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చలు పని మానేసిన తర్వాత కూడా పెరగవచ్చు. రిటైరయ్యాను కదా అని తీసిపారేయకు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే చాలదు, గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష కూడా చేయించమని డాక్టరును అడుగు. రెండు కాగితాలూ తమ్ముడి చేత ఫోటో తీయించి నాకు పంపించు. డబ్బు గురించి ఆలోచించకు, కోపం కూడా తెచ్చుకోకు. నీ దగ్గు తప్ప నాకు ఇక్కడ భయపడటానికి ఇంకేమీ లేదు.

ఇంట్లో ట్రంకు పెట్టెలో నీ వాలీబాల్ జట్టు ఫోటో ఉండాలి, గని మైదానంలో తీసింది, నువ్వు చివర మోకాలి మీద కూర్చున్నది. దాన్ని కూడా పంపించు. పెద్దాయన చూస్తానన్నారు. వెనకాల ఎవరెవరు ఏ షిఫ్టు వాళ్లో పేర్లతో సహా రాయి, ఆయన తప్పకుండా అడుగుతారు.

నీ కూతురు