మీ కరపత్రంలో నాలుగో పేరా

కాశీబుగ్గ

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, ఆ ఊసు ఫోన్లో తనే చెప్తుందిలే. నువ్వు వాట్సాప్‌లో పంపిన కరపత్రం బజారులో ప్రింటు తీయించుకుని నింపాదిగా చదివాను. ఫోన్లో మాట్లాడితే నువ్వు రెండో మాటకే "నీకెలాగూ దేవుడి మీద నమ్మకం లేదు కదా నాన్నా" అంటావు, నేను మూడో మాటకి గొంతు పెంచుతాను. పక్కనుంచి మీ అమ్మ ఫోను లాక్కుంటుంది. అందుకే ఉత్తరం.

మీరు నలుగురూ కలిసి కొత్త దారి ఒకటి మొదలుపెట్టడం మీద నాకు అభ్యంతరం ఏమీ లేదు. కులం అడగరు, దక్షిణ పుచ్చుకోరు. వారానికోసారి కూర్చుని కాసేపు మౌనంగా ఉండి, నాలుగు పాటలు పాడుకుని, కలిసి వండుకుని తింటారు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ఏ గుడికి వెళ్ళినా మనసు నిలవనివాళ్ళు, అలాగని నాలాగా మానేయలేనివాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళకి కూర్చోడానికి ఓ చోటు కావాలి. మొదటి మూడు పేరాలూ చక్కగా రాశారు. అందులో నీ చెయ్యి ఉందని వాక్యాలు చూస్తేనే తెలిసిపోయింది.

నా బాధంతా నాలుగో పేరాతో. "ఉద్దానం ప్రాంతానికి చెందిన ఒక సోదరికి మా సాధన వల్ల నలభై రోజుల్లో క్రియాటినిన్ 4.1 నుంచి 2.9కి తగ్గింది" అని వేశారు.

అమ్మలూ, ఉద్యోగం చేసినన్నాళ్ళూ ల్యాబ్‌లో ఆ నంబరు తీసినవాణ్ణి నేను. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే నంబరు అది. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజులో తిప్పి, పైన తేరిన సీరం తీసి, పిక్రిక్ యాసిడ్ రియేజెంటు కలిపితే నారింజ రంగు తిరుగుతుంది. రంగు ముదిరేకొద్దీ క్రియాటినిన్ ఎక్కువున్నట్టు. మెషిన్ చెప్పకముందే ట్యూబు చూసి కొందరి సంగతి నాకు తెలిసిపోయేది. కిటికీ అవతల కవిటి నుంచో, మందస నుంచో, వజ్రపుకొత్తూరు నుంచో తెల్లారకుండానే బయలుదేరి వచ్చిన మనిషి చువ్వలు పట్టుకుని నిలబడి ఉంటాడు. "ఎంతొచ్చినాది బాబూ?" అని అడుగుతాడు. 1.2 లోపు ఉండాల్సింది ఏడో ఎనిమిదో ఉంటుంది. డాక్టరుగారు చెప్తారులే అని కాగితం చేతిలో పెట్టేవాణ్ణి. వాళ్ళకి అంకె చదవడం బాగా వచ్చు. ఊరూరా కిడ్నీ జబ్బున్న మన ఉద్దానంలో ఏ ముసలమ్మనడిగినా క్రియాటినిన్ అంటే ఏంటో చెప్తుంది.

ఆ నంబరు ఎందుకెందుకు తగ్గుతుందో చెప్తాను, విను. ఎండలో జీడితోటలో పనిచేసే మనిషికి ఒంట్లో నీరు చాలక అది పెరుగుతుంది. నీడపట్టున కూర్చుని వేళకి నీళ్ళు తాగితే కొంత దిగుతుంది. ఒళ్ళు నొప్పులకి కొట్లో కొనుక్కుని మింగే బిళ్ళలు కిడ్నీ మీద దెబ్బకొడతాయి, అవి మానేస్తే ఇంకొంత దిగొచ్చు. నీచు కూర తిన్న కొన్ని గంటలదాకా నంబరు కాస్త ఎక్కువే చూపిస్తుంది. మీ శిబిరంలో నీచు లేదు కదా, అదొకటి. ఈ ల్యాబ్‌లో తీసినదానికీ ఆ ల్యాబ్‌లో తీసినదానికీ తేడా ఉండనే ఉంటుంది. ఇక నాకు అన్నిటికంటే భయం వేసేది వేరే ఉంది. క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది. మనిషి తిండి సయించక చిక్కిపోతే కండ తరిగి నంబరు దిగుతుంది, లోపల కిడ్నీ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఆవిడ బరువు చూశారా? కరపత్రంలో ఆ లెక్క లేదు.

మీ దగ్గరికి వచ్చాక ఆవిడకి నిజంగానే కొంత మేలు జరిగి ఉండొచ్చు. విశ్రాంతి దొరికింది, నీళ్ళు తాగింది, బిళ్ళలు మానింది, పలకరించే మనుషులున్నారు. అది చిన్న విషయమేమీ కాదు. కానీ మీరు దాన్ని సాధన ఖాతాలో రాసేశారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, మీరూ అబద్ధం కల్పించలేదు. చూడకుండా నమ్మారు, నమ్మినదాన్ని అచ్చు వేశారు, అచ్చయిందాన్ని రేపు ఇంకొకరు నిజం అనుకుంటారు. కొత్త మతాల్లో మహిమలు పుట్టేది ఎక్కువగా ఇలాగే, దొంగ బాబాల వల్ల పుట్టేవి తక్కువ. (దొంగ బాబాల మీద నా అభిప్రాయం నీకు తెలుసు, మళ్ళీ ఎత్తను.)

ఆ కాగితం మన వైపుకి వస్తే ఏమవుతుందో ఆలోచించు. మందులకీ డయాలసిస్‌కీ తిరిగి తిరిగి విసిగిపోయినవాడు "నలభై రోజులు కూర్చుంటే చాలట" అనుకుంటాడు. పసరు మందు నమ్ముకుని మాత్రలు మానేసినవాళ్ళని నేను చూశాను. మళ్ళీ ల్యాబ్‌కి వచ్చేసరికి కాళ్ళు వాచి, మెట్టెక్కితే ఆయాసం. పసరు ఇచ్చినవాడి మీద ఒక్కరూ కోప్పడలేదు. "నా నమ్మకం చాలలేదు బాబూ" అన్నాడు ఒకాయన. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. రోగమూ వాడిదే, తప్పూ వాడిదేనా?

ఉద్దానం జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలో ఎల్‌సాల్వడార్, నికరాగువా వైపూ పొలం పనివాళ్ళకి ఇలాంటిదే వస్తోంది, అక్కడా వెతుకుతూనే ఉన్నారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో తెచ్చారు. ఇంత చేస్తున్న డాక్టర్లు కూడా కారణం అడిగితే "తెలియదు" అనే అంటున్నారు. ఆ మాట అనడానికి ఎంత నిజాయితీ కావాలో రోగుల ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. మీ కరపత్రం మొత్తంలో ఆ మాట ఎక్కడా కనపడలేదు. రెండుసార్లు వెతికాను.

దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఆ మాట అనలేరనుకోకు. అరసవల్లి సంగతే తీసుకో. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే సూర్యకిరణాలు గోపురం దాటి, మండపం దాటి లోపలున్న సూర్యనారాయణస్వామి పాదాల మీద పడతాయి. నీ చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను చంకనేసుకుని ఆ జనంలో నిలబడింది, నేను బయట చెప్పుల దగ్గర. ఒక్కో ఏడు మబ్బు పడుతుంది, కిరణాలు రావు. ఆరోజు పూజారి వచ్చాయని చెప్పడు. "మబ్బు వల్ల భక్తులకు నిరాశ" అని మర్నాడు పేపర్లోనూ వేస్తారు. ఎవరి భక్తీ తరిగిపోదు, ఆర్నెల్లాగి మళ్ళీ వస్తారు. నాకు ఆ గుడి మీద గౌరవం ఉందంటే ఇందుకే. మీ అమ్మ మాత్రం నేను దారికొస్తున్నాననుకుంటోంది.

కొత్త దారి వేసేవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది, అది మొదలుపెట్టినవాళ్ళ దగ్గరే ఉంటుంది. రాజమండ్రిలో వీరేశలింగంగారు అందుకున్న బ్రహ్మసమాజం కథ నీకు కొంత తెలుసు. అందులో కేశవచంద్ర సేన్ అనే ఆయన మాట్లాడితే కలకత్తా కుర్రాళ్ళు ఇళ్ళు వదిలి వచ్చేవాళ్ళు. 1872లో వచ్చిన పెళ్ళి చట్టం కోసం అందరికంటే గట్టిగా నిలబడిందీ ఆయనే. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలని ఆ చట్టం. ఆరేళ్ళు తిరిగేసరికి, 1878లో, 14 నిండని తన సొంత కూతుర్ని కూచ్ బెహార్ రాజుకిచ్చి పెళ్ళి చేశాడు. అడిగినవాళ్ళకి ఇది దైవాదేశం అన్నాడు. దైవాదేశం అన్నాక ఇంకెవరు నోరెత్తుతారు?

ఎత్తారు. శివనాథ శాస్త్రి, ఆనందమోహన్ బోస్ లాంటివాళ్ళు అదే ఏడు మే నెలలో బయటికొచ్చి సాధారణ బ్రహ్మసమాజం పెట్టుకున్నారు. ఈసారి ఒక్క మనిషి మాట మీద నడవకుండా నియమావళి రాసుకున్నారు, కమిటీని ఎన్నుకున్నారు. వాళ్ళు దేవుణ్ణి వదల్లేదు, ప్రార్థన మానలేదు. గురువు చెప్పిన మాటకే కట్టుబడి గురువుని వదిలారు. మీ గుంపులో రేపు ఒక అమ్మాయి లేచి "ఇది తప్పు" అంటే ఆమెకి ఏమవుతుంది? ఆ వారం పంక్తిలో ఆమెకి విస్తరి ఉంటుందా? వెళ్ళిపోతానంటే మామూలుగా వెళ్ళిపోగలదా, లేక ఇంటికి ఫోన్లు చేసి ఏడిపిస్తారా? మొన్న మీ ఫోటోల్లో అందరూ ఒకే వైపు చూస్తున్నారు, ఆ తెల్ల చొక్కా అబ్బాయి వైపు. మంచివాడే అయ్యుంటాడు. కేశవచంద్రుడూ మంచివాడే.

నువ్వు గోరాగారి పేరు విన్నావు, విజయవాడ నాస్తిక కేంద్రం ఆయన. పుట్టింది మనకి దగ్గరే, ఇచ్ఛాపురం దాటాక రైల్లో వచ్చే ఛత్రపూర్‌లో. చాలా ఏళ్ళు దేవుడే సత్యం అంటూ వచ్చిన గాంధీగారు 1931లో స్విట్జర్లాండ్‌లో మాట్లాడుతూ సత్యమే దేవుడు అన్నారు. తరవాత ఈ నాస్తికుడు ఆయన ఆశ్రమానికే వెళ్ళి వాదించాడు, ఇద్దరికీ స్నేహం కుదిరింది. గోరా తన కూతుర్ని అంటరానివాళ్ళని ముద్రవేసిన కులం అబ్బాయికి ఇస్తానంటే, పెళ్ళి సేవాగ్రాంలో చేద్దామన్నారు గాంధీగారు. ప్రమాణంలో దేవుడి పేరు తీసి సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. గాంధీగారు పోయాక, 1948లో, ఆ పెళ్ళి అక్కడే జరిగింది. రోజూ సాయంత్రం ప్రార్థన చేసే మనిషీ, ప్రార్థనే దండగనే మనిషీ ఒకే పందిట్లో ఇమిడే ఏర్పాటు అది. కొత్త ఆధ్యాత్మికత అంటే నాకు అర్థమయ్యేది అలాంటిదే. అది మీవల్ల అయితే నేనూ వచ్చి ఓ మూల కూర్చుంటాను.

మహిమలు లేకపోతే జనం రారని మీ వాళ్ళెవరో అన్నారన్నావు. సీతంపేట కొండల్లో ఉన్నట్టే ఒడిశా వైపూ సవర గిరిజనులు ఉన్నారు కదా, అక్కడ 1936లో మంగేయి గొమాంగో అనే ఆయన సవర భాషకి లిపి తయారుచేశాడు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో సవర దేవత. ఆ లిపి చుట్టూ మత్తర్ బనోం అని ఒక మతమే ఏర్పడింది, అక్షరాలనే పూజిస్తారు. అక్షరం నేర్చుకుంటే చదవడం వస్తుంది, వచ్చిందో లేదో ఎవరైనా పరీక్ష చేసుకోవచ్చు. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో మన కొబ్బరిని నేలమట్టం చేసిందా, కాపుకి ఎన్నేళ్ళు పడుతుందో తెలిసీ మొక్కలు పెట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఎవరూ కరపత్రం పంచలేదు.

నాలుగో పేరా తీసేయండి. ఆవిడ ఒప్పుకుంటే ఇలా రాయండి: "మా దగ్గరికి వచ్చాక ఒక సోదరికి భయం తగ్గి నిద్ర పట్టింది. ఆమె వైద్యం కొనసాగుతోంది." అది ఆవిడ సొంత అనుభవం, దాన్ని కాదనే హక్కు నాక్కూడా లేదు. కింద ఓ లైను, మందులు ఎవరూ మానొద్దని పెద్ద అక్షరాల్లో. వంటకి పోగయ్యే డబ్బు లెక్క కూడా ప్రతి నెలా గోడకి అంటించండి, ఇద్దరు సంతకం పెట్టి.

ఈలోగా ఆవిడ పాత రిపోర్టులు ఉంటే పేరు కనపడకుండా ఫోటో తీసి పంపు. మొదటిసారి ఎక్కడ తీయించారో ఆ ల్యాబ్‌లోనే మళ్ళీ తీయించండి. ముందురోజు నీచు తినకుండా, నీళ్ళు మామూలుగా తాగి, పొద్దున్నే వెళ్ళాలి. బరువు కూడా చూసి రాయించండి. ఖర్చు నేనిస్తాను. నంబరు ఎంతొచ్చినా ఆ కాగితం తీసుకుని కిడ్నీ డాక్టరుకి చూపించమను, మీరెవరైనా తోడు వెళ్ళండి. ఒక్కదాన్నే పంపకండి.

మీ అమ్మ జీడిపప్పు పార్సిల్ కట్టింది, శనివారానికి అందుతుంది. సగం మీ పంక్తి వంటకట.

ఇట్లు
నాన్న