ట్యాన్ పోవాలని స్టెరాయిడ్ పూసుకుంటున్నారు

సంపాదకుల వారికి,

మార్చి దాటితే అనంతపురం సెలూన్లలో డీట్యాన్ బేరాలు మొదలవుతాయి. ఎండకు కమిలిన ముఖం వారంలో తెల్లబడాలనే తొందర మన కుర్రాళ్లలో చాలామందికి ఉంది. గే, బైసెక్సువల్ యువకుల మీద ఈ ఒత్తిడి రెండింతలు. మన ఊళ్లలో వాళ్లకు పరిచయాలు ఎక్కువగా డేటింగ్ యాప్‌లోనే. అక్కడ మాటకన్నా ముందు ఫొటో వెళ్తుంది. ‘ఫెయిర్‌గా ఉన్నవాళ్లే మెసేజ్ చేయండి’ అని ప్రొఫైల్‌లోనే రాసిపెట్టేవాళ్లున్నారు. అది చదివిన చామనఛాయ పిల్లవాడు ఇంట్లో చెప్పుకోలేడు, ఎరిగిన డాక్టరు దగ్గరికి పోలేడు. నేరుగా మందుల షాపుకు వస్తాడు.

అమెరికాలో ఇదే ఒత్తిడి తిరగేసి కనిపిస్తుంది. అక్కడి తెల్లవాళ్లు ఒంటికి రంగు తేవడానికి అతినీలలోహిత కాంతి వేసే ట్యానింగ్ బెడ్ల మీద పడుకుంటారు. మిగతా మగవాళ్లకన్నా గే, బైసెక్సువల్ మగవాళ్లు ఆ బెడ్లను కొన్ని రెట్లు ఎక్కువగా వాడుతున్నారని, చర్మ క్యాన్సర్ కూడా వాళ్లలోనే ఎక్కువని 2015లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లోనే ఆ బెడ్లను పొగాకుతో పాటు, క్యాన్సర్ తెస్తాయని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. మన దగ్గర ఆ బెడ్ల పని మందుల షాపులో దొరికే క్రీము ట్యూబు చేస్తోంది.

ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మోమెటాసోన్ 0.1 శాతం. ఇది మంగు మచ్చల మందు. డాక్టరు రాస్తే రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే, కొన్ని వారాలే వాడాలి. మనవాళ్లు స్నో రాసుకున్నట్టు ముఖమంతా రెండుపూటలా పూసి, బండెక్కి ఎండలోకి పోతున్నారు. మోమెటాసోన్ స్టెరాయిడ్. అది రక్తనాళాలను బిగించి, మెలనిన్ తయారీని తగ్గిస్తుంది కాబట్టి మొదటి రెండు వారాలు ముఖం తేటపడుతుంది. నమ్మకం కుదిరేది అక్కడే. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, కాస్త ఎండ తగిలినా మంట. ఆపితే ఎరుపు, పొక్కులు ఇంకా ఎక్కువవుతాయి. క్రీము మానినందుకే ముఖం పాడైందనుకొని మళ్లీ పూస్తారు, ఇంకా లోతుగా ఇరుక్కుంటారు. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి వాడితే బుగ్గల మీద నీలి నలుపు మరకలు పడొచ్చు. అవి పోవడం చాలా కష్టం.

ఎవరూ బయటికి మాట్లాడని సంగతి ఇంకొకటుంది. గజ్జల్లో, తొడల సందుల్లో నలుపు పోవాలని క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ కలిసిన తామర క్రీములు పూస్తున్నారు. అక్కడి చర్మం పలచన, మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎర్రటి చారలు పడతాయి. తర్వాత వెలిసినా పూర్తిగా పోవు. నిజంగా తామరే ఉంటే దురద అణిగి, తామర మాత్రం లోలోపల పాకుతుంది.

ఇందులో మొదటి తప్పు మాది, మందుల షాపులవాళ్లది. 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మే మినహాయింపు తీసేసి, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. అయినా పేరు చెప్పగానే చేతిలో పెట్టే షాపులున్నాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కాలేజీల చుట్టుపక్కల షాపుల్లో ఈ ట్యూబుల కొనుగోలు బిల్లులను, చీట్లు చూసి అమ్మిన లెక్కను పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా అక్కడే బయటపడుతుంది.

ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధులు, సుఖవ్యాధులు ఒకే విభాగం. ఒక్క ఓపీ చీటీతో రెండూ అడగొచ్చు. అందుకే అక్కడి సిబ్బందికి నా విన్నపం: వచ్చిన కుర్రాణ్ని పదిమంది ముందు గద్దించకండి, పెళ్లెందుకు చేసుకోలేదని అడగకండి. వయసొచ్చిన ఇద్దరి ఇష్టప్రకారం నడిచే సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చింది. ఒకసారి అవమానపడినవాడు రెండోసారి ఆస్పత్రి మెట్లెక్కడు.

ఇక ట్యాన్ సంగతి. ఎండ తగలకుండా చూసుకుంటే చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. శనగబద్దంత రాస్తే ఉపయోగం లేదు. బయల్దేరే 20 నిమిషాల ముందు రాయండి, ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. హెల్మెట్ కింద తువ్వాలు, ఫుల్ చేతుల చొక్కా దానికన్నా నమ్మకం. బ్లీచ్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్ ముఖం మీది నూగుకు రంగు తీసి తెల్లగా చూపిస్తుంది, అంతే. గడ్డం గీసుకున్న రోజే వేయించుకుంటే చర్మం కాలుతుంది.

ఇప్పటికే నెలల తరబడి పూసినవాళ్లు సొంతంగా ఆపి, మంటకు భయపడి మళ్లీ మొదలుపెట్టొద్దు. ట్యూబు చేతపట్టుకొని చర్మం డాక్టరు దగ్గరికి పోండి. బలం తక్కువ మందుకు మార్చి మెల్లగా మాన్పిస్తారు. పేరులేని డబ్బాలో కొన్న క్రీమైతే ఆ డబ్బానే తీసుకెళ్లండి, అలాంటివాటిలో కిడ్నీలను దెబ్బతీసే పాదరసం ఉండొచ్చు. మూత్రం నురగగా వస్తున్నా, కాళ్లు వాస్తున్నా కిడ్నీ పరీక్ష కూడా చేయమని అడగండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
అనంతపురం